సూర్యారావుపేటలో ఒక పిల్లల పళ్ల క్లినిక్: కీమోలో ఉన్న మేనకోడల్ని తీసుకెళ్లిన మావయ్య రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నా లెక్కలో ఐదుకి నాలుగు. ఆ తగ్గించిన ఒకటి లిఫ్ట్ లేనందుకు, ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తనందుకు, వెయిటింగ్ హాల్లో గోలకి అన్నిటికీ కలిపి. మిగతా నాలుగూ ఆ డాక్టరమ్మకి, ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయికి. క్లినిక్ మన విజయవాడ సూర్యారావుపేటలో, అడుగుకో ఆసుపత్రి, ఆసుపత్రికి రెండు మందుల షాపులు ఉండే ఆ సందుల్లో ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తు. పేరు మాత్రం రాయడం లేదు. రివ్యూ రాస్తానండీ అంటే ఆవిడే వద్దన్నారు. "పేరు చూసి కీమో నడుస్తున్న పిల్లల్ని నేరుగా ఎత్తుకొచ్చేస్తారండీ, రక్తకణాల కౌంట్లు ఎంతున్నాయో చూడకుండా, వాళ్ల క్యాన్సర్ డాక్టర్‌తో ఒక మాట చెప్పకుండా. ఏ క్లినిక్‌కి వెళ్లినా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో రాయండి, అది చాలు" అన్నారు. పేరు లేని రివ్యూ ఏం రివ్యూ అంటారేమో, చదివాక చెప్పండి.

పేషెంట్ మా అక్క కూతురు, ఆరేళ్లది. ఇంట్లో అందరం చిట్టి అంటాం. జబ్బు ఏఎల్‌ఎల్, అంటే ఒక రకం రక్త క్యాన్సర్, పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది, సరిగ్గా చేయిస్తే ఎక్కువ మంది పిల్లలు బయటపడతారు, ఆ ధైర్యంతోనే ఉన్నాం. బావకి దుబాయ్‌లో ఉద్యోగం కాబట్టి ఆసుపత్రి తిరుగుళ్లు అక్కవి, నావి. నాకు బీసెంట్ రోడ్డులో చిన్న షాపు ఉంది, షట్టర్ దించి వెళ్లడం నా చేతిలో పనే కదా. కీమో ఎక్కడ చేయిస్తున్నామో ఇక్కడ అనవసరం, అక్కడ వైద్యానికి వంక పెట్టేది ఏమీ లేదు. కాకపోతే అక్కడ అందరి కళ్లూ రక్తం మీద, ఎముక మజ్జ మీద, జ్వరం మీద ఉంటాయి. నోటి సంగతి పుళ్లు లేచాకే గుర్తొస్తుంది.

నోరు ఎందుకు పూస్తుందో నాకు ఇంతకుముందు తెలీదు. కీమో మందు వేగంగా పెరిగే కణాల్ని కొడుతుంది, అందులో క్యాన్సర్ కణమా మంచి కణమా అని అది చూడదు. జుట్టు ఊడేదీ అందుకే, పేగుల లోపలి పొర దెబ్బతిని విరేచనాలు అయ్యేదీ అందుకే, నోటి లోపలి పొరదీ అదే గతి. మందు ఎక్కిన నాలుగైదు రోజులకి లోపల ఎర్రబడి మంట మొదలవుతుంది, వారం పది రోజులకి పుళ్లు బాగా ముదురుతాయి, మళ్లీ తెల్లకణాలు కోలుకునే కొద్దీ రెండు మూడు వారాల్లో మానుతుంది. చిట్టికి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు పెద్ద డోసు ఎక్కించిన తర్వాత వచ్చింది. ఆ మందుకి విరుగుడుగా ల్యూకోవోరిన్ టైము ప్రకారం ఇస్తారు, అయినా కొందరికి నోరు పూస్తుంది. డాక్టర్లు దీన్ని సున్నా నుంచి నాలుగు దాకా కొలుస్తారట. రెండంటే పుళ్లున్నా గట్టి తిండి తినగలరు, మూడంటే ద్రవాలు మాత్రమే దిగుతాయి, నాలుగంటే నోటితో ఏమీ తీసుకోలేరు. మాది మూడు దాకా వెళ్లి ఆగింది.

నోటి పూత అంటే మనకి తిండి సంగతే గుర్తొస్తుంది, ఏం తినిపించాలి, జావ చల్లార్చి ఇవ్వాలా, ఇడ్లీ పాలల్లో కలపాలా అని. మాట కూడా ఆ నోటి నుంచే రావాలి కదండీ. వాగుడుకాయ పిల్ల, నా షాపుకొస్తే కస్టమర్లకి అదే బేరం చెప్పేది, అలాంటిది మాట్లాడటం మానేసింది. నీళ్లు కావాలంటే వేలు చూపించేది. బావ వీడియో కాల్ చేస్తే దుప్పటి మొహం మీదకి లాక్కునేది. సరే నొప్పి కదా, తగ్గితే మాట్లాడుతుందిలే అనుకున్నాం. పుళ్లు మానాయి, అన్నం తింటోంది, మాట మాత్రం సగమే వచ్చింది. ఇక బ్రష్ చూపిస్తే చాలు, పెదాలు బిగించేసి గోడ వైపు తిరిగిపోయేది. రోజుకి రెండుసార్లు ఇంట్లో యుద్ధం. అక్క బతిమాలడం, తర్వాత అరవడం, తర్వాత బాత్రూమ్‌లోకెళ్లి ఏడవడం. స్టెరాయిడ్ నడిచే వారాల్లో ఇంకో రకం, అర్ధరాత్రి లేచి పునుగులు కావాలని గొడవ, ఇవ్వకపోతే చేతికి దొరికింది విసరడం. ఆ మందుకి ఆకలి, కోపం రెండూ పెరుగుతాయని డాక్టర్లు చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పిల్ల మొండిదైపోయిందని చెయ్యి చేసుకునేవాళ్లు ఉంటారు.

ఈ క్లినిక్‌కి ముందు ఇంకో చోటికి వెళ్లాం. అది ఎక్కడో ఏమిటో చెప్పను. కింద దవడ పాలపన్ను ఒకటి పిప్పిపట్టింది. అక్కడాయన నోట్లోకి లైటు వేసి చూసి "పీకేద్దాం, పది నిమిషాల పని" అన్నాడు. కౌంట్లు అడగలేదు, ఏ మందులు వాడుతోందో అడగలేదు, నెత్తి మీద గుడ్డ కట్టుకున్న పిల్లని చూసి కూడా అడగలేదు. అక్క కీమో సంగతి చెప్పగానే చేతులు వెనక్కి తీసుకుని "అయితే ట్రీట్‌మెంట్ అంతా అయ్యాక రండమ్మా" అన్నాడు. అంటే రెండేళ్ల తర్వాతన్నమాట! ఆ రెండేళ్లూ పిప్పి పన్ను ఊరుకుంటుందా? తెల్లకణాలు అడుగంటిన టైములో అది చీము పడితే పంటి నొప్పితో పోదు, అక్కడి క్రిములు రక్తంలోకి దిగితే ప్రాణం మీదకి వస్తుంది. ఈయన పది నిమిషాల్లో పీకేద్దామన్నదీ, రెండేళ్లు ఆగమన్నదీ రెండూ ఒక్కలాగే తప్పు.

మేం ఇప్పుడు వెళ్తున్న క్లినిక్ సంగతి ఆసుపత్రిలో డే కేర్ నర్సమ్మ చెప్పింది. ఫోన్ చేస్తే ఎత్తరు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, సాయంత్రానికి జవాబు వస్తుంది. మొదటి జవాబులోనే రెండు అడిగారు: ముందు రోజు చేయించిన సీబీసీ, అంటే రక్తకణాల లెక్క రిపోర్టు, క్యాన్సర్ డాక్టర్ దగ్గర్నుంచి ఉత్తరం. ఆ ఉత్తరంలో ఇప్పుడు ఏ దశ నడుస్తోంది, మళ్లీ కీమో ఎప్పుడు, ఛాతీలో మందు ఎక్కించే పోర్ట్ ఉందా, పళ్ల పని చేయొచ్చా లేదా అన్నవి ఉండాలి. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. మామూలుగా ప్లేట్‌లెట్స్ లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా ఉంటాయి, కీమోలో అవి వేలల్లోకి పడిపోతాయి, అప్పుడు పన్ను పీకితే రక్తం ఆగదు. ఏఎన్‌సీ అని ఇంకో లెక్క ఉంటుంది రిపోర్టులో, ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాల లెక్క, అది ఐదొందల కిందకి వెళ్తే చాలా ప్రమాదం. మీరు వెళ్లే పళ్ల డాక్టర్ ఈ రెండూ అడగకపోతే కుర్చీలోంచి లేచి వచ్చేయండి, మొహమాటపడకండి.

పొద్దున పదింటికి మొదటి అపాయింట్‌మెంట్ ఇచ్చారు, మిగతా పిల్లలు రాకముందే పని అయిపోవాలని. ఆలోచన బ్రహ్మాండం. ఆచరణలో పది కాస్తా పదీ నలభై అవుతుంది, ఈలోపు దగ్గుతున్న పిల్లలు నలుగురు వచ్చి కూర్చుంటారు, గోడ మీద టీవీలో కార్టూన్లు చెవులు పగిలేలా. మేం బయట మెట్ల మీద నిలబడేవాళ్లం. ఆ మెట్లెక్కడానికి పిల్లని నేనే ఎత్తుకోవాలి, విన్‌క్రిస్టిన్ అనే మందుకి కాళ్లలో బలం తగ్గుతుంది. లిఫ్ట్ గురించి ఓనర్‌కి చెప్పారట, ఓనర్ వింటున్నాడట.

లోపలికెళ్లాక సంగతి వేరు. మొదటి రోజు ఆవిడ చేత్తో ఒక్క పరికరం పట్టుకోలేదు. పిల్ల కంటే కిందకి ఉండే స్టూలు లాక్కుని కూర్చున్నారు. మమ్మల్ని కాదు, చిట్టినే అడిగారు. గోడ మీద మొహాల బొమ్మలున్నాయి, నవ్వే మొహం సున్నా, ఏడ్చే మొహం పది, నీ నోరు ఇవాళ ఏ మొహంలా ఉందమ్మా అంటే చిట్టి రెండు మీద వేలు పెట్టింది. అంటే నొప్పి పెద్దగా లేదు. మరి బ్రష్ అంటే ఎందుకు పారిపోతోంది? మేమైతే "మొండితనం" అని జవాబు చెప్పేసేవాళ్లం. ఆవిడ ఏమీ అనకుండా అసిస్టెంట్ అమ్మాయికి సైగ చేశారు. ఆ అమ్మాయి ఒక మొసలి బొమ్మ తెచ్చింది, గుడ్డతో కుట్టింది, నోట్లో మాత్రం ప్లాస్టిక్ పళ్లు. "బంగారం, వీడు నా మాట వినడు, నువ్వు తోమి పెట్టవా" అని బ్రష్ చేతికిచ్చింది. చిట్టి తోమింది. పైన తోమింది, పక్కలు తోమింది, కింద ముందు పన్ను ఒక్కటి వదిలేసింది. మళ్లీ తోమమంటే మళ్లీ దాన్ని తప్పించి తోమింది. ఎందుకు వదిలేశావు అని అడిగితే, మేం ఎన్నాళ్లుగానో వినని గొంతుతో, "అది ముట్టుకుంటే ఊడిపోద్ది" అంది. కాసేపాగి, "జుట్టు ఊడిపోయింది, ఇప్పుడు పళ్లూ ఊడిపోతాయి" అంది.

మా అక్క నా చెయ్యి పట్టుకుంది, అంతే, ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆరేళ్ల పిల్లకి కింద ముందు పాలపన్ను ఊగుతోంది. ప్రపంచంలో ఆరేళ్ల పిల్లల్లో చాలామందికి ఊగుతుంది. అది మాకు మామూలు సంగతి, కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. చిట్టికి మాత్రం దువ్వెనకి జుట్టు కుచ్చులుగా వచ్చేసిన రోజులు కళ్ల ముందున్నాయి, పైగా మా అమ్మ రోజూ "తోముకోకపోతే పళ్లన్నీ ఊడిపోతాయే" అని బెదిరిస్తూ ఉంటుంది, ప్రతి ఇంట్లో ఉండే బెదిరింపే. తోమితే ఊగుతోంది, తోమకపోతే ఊడుతుందంటున్నారు, పాపం ఆ పిల్ల ఏం చెయ్యాలి మరి? నోరు తెరవకుండా ఉంటే పళ్లు లోపలే ఉంటాయి కదా అనుకుంది. దాని లెక్క దానికి సరిగ్గానే ఉంది.

డాక్టరమ్మ "ఏం కాదులే" అనలేదు. ఆ మాట ఆసుపత్రిలో అందరూ అంటారు, ప్రతి సూది ముందూ అంటారు, పిల్లలకి దాని విలువ తెలిసిపోయి ఉంటుంది. ఆవిడ సూటిగా చెప్పారు: "జుట్టు మందు వల్ల ఊడింది, మందు అయిపోయాక మళ్లీ వస్తుంది. ఈ పన్ను మందు వల్ల ఊగడం లేదు. నీకు ఆరేళ్లు వచ్చాయి కాబట్టి ఊగుతోంది, మీ క్లాసులో వాళ్లకీ ఊగుతుంటాయి, వెళ్లి అడుగు." తర్వాత దవడ బొమ్మ ఒకటి తెచ్చి, పాలపన్ను కింద పెద్ద పన్ను ఎలా కాచుకుని ఉంటుందో చూపించారు. చిట్టి ఆ బొమ్మని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో వారధి దాటే దాకా నాతో వాదన, పెద్ద పన్ను ముందే లోపల ఉంటే నమిలేటప్పుడు ఎందుకు గుచ్చుకోదు అని. నాకు జవాబు తెలీదు. కానీ ఆ వాదన కోసం నేను నా షాపు రాసిచ్చేసేవాణ్ని.

ఊగే పన్ను గురించి ఒక జాగ్రత్త, కీమో పిల్లలున్న ఇళ్లలో ఇది అందరికీ తెలియాలి. మన దగ్గర దారం కట్టి లాగేయడం, నాలుకతో ఆడించి ఆడించి ఊడగొట్టడం మామూలు. కీమోలో వద్దు. చిగురు దగ్గర పుండు పడితే క్రిములకి దారి ఇచ్చినట్టే, ప్లేట్‌లెట్స్ తక్కువుంటే రక్తం ఆగదు. దానంతట అది రాలే దాకా ఆగాలి. రాలాక రక్తం కారితే కట్లు కట్టే శుభ్రమైన పల్చటి గుడ్డ (గాజ్) తడిపి దాంతో నొక్కి పట్టుకోవాలి, ఆగకపోతే ఆసుపత్రికి. మా చిట్టి పన్ను అన్నం తింటుండగా దానంతట అదే వచ్చేసింది. ఇంటి మీదకి విసరాలని మా అమ్మ పట్టు. మేముండేది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, ఇంటి మీద ఇంకొకళ్ల ఇల్లు. చివరికి మేడ మీదకెళ్లి వాటర్ ట్యాంక్ మీదకి విసిరింది. అసోసియేషన్ వాళ్లకి తెలీదు, చెప్పకండి.

పిప్పి పన్ను సంగతి. కౌంట్లు బాగున్న వారం చూసి, పీకకుండా, డ్రిల్ పెట్టకుండా, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు రాశారు. చిన్న కుంచెతో ఒక చుక్క, నిమిషంలో అయిపోయింది. చాలా వరకు పిప్పి అక్కడితో ఆగుతుంది, కానీ పిప్పి ఉన్నంత మేరా నల్లగా అయిపోతుంది, ఆ పన్ను రాలే దాకా ఆ నలుపు పోదు. నోట్లో పుళ్లు ఉన్నప్పుడు ఇది రాయరు, మానాకే. నల్లబడుతుందని ముందే అక్కకి, చిట్టికి ఇద్దరికీ చెప్పి, ఇద్దరూ సరే అన్నాకే రాశారు. మా అమ్మ చూసి "పోనీలే, దిష్టిచుక్కలా ఉంది" అంది. చిట్టి ఇప్పుడు అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ నోరు తెరిచి ఆ చుక్క చూపిస్తోంది.

పని చేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ప్రతిదీ ముందు మాటల్లో చెప్తారు, తర్వాత మొసలి మీదో పిల్ల గోరు మీదో చూపిస్తారు, ఆ తర్వాతే నోట్లో చేస్తారు. పిల్ల ఎడమ చెయ్యి ఎత్తితే ఎక్కడున్నా ఆపేస్తారు. నిజంగా ఆపేస్తారా అని చిట్టి ఊరికే మూడుసార్లు ఎత్తి చూసింది, మూడుసార్లూ ఆపారు, విసుక్కోలేదు. కీమో పిల్లలకి దేని మీదా అధికారం ఉండదండీ, సూది ఎప్పుడో, అన్నం ఏమిటో, బడి ఎప్పుడో ఏదీ వాళ్ల చేతిలో ఉండదు. ఇక్కడ చెయ్యెత్తితే ఒక డాక్టర్ ఆగిపోతుంది. ఆ తర్వాత ఆసుపత్రిలో నడుములో ఇంజెక్షన్ ఇచ్చే రోజు కూడా ఎడమ చెయ్యి ఎత్తింది, అక్కడ ఆగలేరు కదా, మళ్లీ దానికో ఏడుపు. అది వేరే కథ.

ఇంకోటి. మధ్యలో ఒకసారి దవడ నొప్పి అని ఏడ్చింది, పన్నేమో అనుకుని పరుగెత్తాం. చూసి, పంటిలో ఏమీ లేదు, విన్‌క్రిస్టిన్ ఇచ్చాక కొందరికి దవడ నరాలు లాగుతాయి, మీ ఆసుపత్రిలో చెప్పండి, కొన్ని రోజుల్లో తగ్గుతుంది అన్నారు. ఫీజు తీసుకోలేదు. లేజర్ గురించి కూడా నేనే అడిగాను, ఎక్కడో విన్నాను నోటి పూతకి తక్కువ శక్తి లేజర్ పెడతారని. నిజమే, మజ్జ మార్పిడి చేయించుకునే పిల్లల్లో దానికి మంచి ఆధారాలున్నాయి, మీ పాపకి ఇప్పుడు అవసరం లేదు అన్నారు. ఐస్ ముక్కలు చప్పరించడమూ అంతే, కొన్ని మందులు తక్కువ సమయంలో ఎక్కించేటప్పుడే ఉపయోగం, గంటల తరబడి ఎక్కే మందుకి కాదట. అవసరం లేని దానికి బిల్లు వేయని డాక్టర్ సూర్యారావుపేటలో దొరికిందని మా వీధిలో చెప్తే నమ్మలేదు.

ఇంట్లో వాడే వస్తువుల మీద కూడా నా అభిప్రాయం రాసేస్తాను. బ్రష్ అన్నిటికంటే మెత్తది కొనండి, చిన్న తలది, రెండు మూడు నెలలకోసారి మార్చండి. కౌంట్లు తక్కువున్నాయని తోమడం మానేయక్కర్లేదు, మెత్తగా తోమితే చాలు. స్పాంజి పుల్లలు అమ్ముతారు, అవి పుళ్లు మరీ ఎక్కువై బ్రష్ ఆనని రోజులకే, పంటి మీది పాచి వాటికి పోదు. పేస్టు ఘాటుగా మండేది వద్దు, ఫ్లోరైడ్ ఉండేదే, రుచి తక్కువది. వేపపుల్ల అసలొద్దు, చిగుళ్లు గీరుకుంటాయి. పుక్కిలించడానికి అన్నిటికంటే చవకది, మాకు బాగా పనిచేసింది, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంటసోడా, రోజూ కొత్తగా కలపాలి, మింగకుండా ఉమ్మాలి. షాపులో రంగు రంగుల మౌత్‌వాష్‌లలో చాలా వాటికి ఆల్కహాల్ ఉంటుంది, పుళ్ల మీద పడితే పిల్ల ఎగిరి పడుతుంది, సీసా వెనక చదివి కొనండి. మొద్దుబారే జెల్స్ డాక్టర్ చెప్పకుండా రాయకండి, కొన్ని పిల్లలకి పడవు. ఇంట్లో పెద్దవాళ్లు బోరాక్స్ గ్లిజరిన్, పటిక, తేనె అంటారు, ప్రేమతోనే అంటారు, ఆవిడ మూడూ వద్దన్నారు. బీకాంప్లెక్స్ బిళ్లలు కూడా అడక్కుండా వేయకండి, వాటిలో చాలా వరకు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, మెథోట్రెక్సేట్ పనిచేసేదే దానికి ఎదురుగా. నోట్లో పెరుగు తరకల్లా తెల్లగా కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, చూపించాలి. దానికిచ్చే సిరప్‌లలో కొన్నిటికి చక్కెర ఉంటుంది, వేసిన కాసేపటికి నోరు కడిగించాలి, లేకపోతే ఒక మందు ఇంకో పిప్పి పన్నుకి దారి తీస్తుంది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే, నోటి పూత తర్వాత సంగతి, ముందు ఆసుపత్రి.

మా క్యాన్సర్ డాక్టర్ ఇచ్చిన ఉత్తరానికి డాక్టరమ్మ జవాబు ఉత్తరం రాశారు, అందులో పళ్ల సంగతితో పాటు "పాప జుట్టులా పళ్లు కూడా పోతాయని భయపడుతోంది, మాట్లాడించే వాళ్లు ఎవరైనా ఉంటే కలపండి" అని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యంతో మా ఆసుపత్రిలో ఉన్న కౌన్సెలర్‌ని మేం మొదటిసారి కలిశాం. అక్కడ అలాంటి మనిషి ఉందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ కౌన్సెలర్ చెప్పింది, క్యాన్సర్ పిల్లల మనసు చూసుకోవడానికి 2015లో వైద్య పత్రికలో పదిహేను ప్రమాణాలు ప్రకటించారట. సూదులకీ పరీక్షలకీ పిల్లని ముందుగా సిద్ధం చేయడం, తల్లిదండ్రుల మానసిక స్థితి చూడటం, తోబుట్టువులని పట్టించుకోవడం, బడికి తిరిగి వెళ్లేలా చూడటం అన్నీ అందులో ఉన్నాయట. ఆవిడ చిట్టితో బొమ్మకి సూది వేసే ఆట ఆడిస్తుంది. అక్కతో విడిగా మాట్లాడుతుంది. అక్క మొదటిసారి వెళ్లి వచ్చి "నన్నెవరైనా ఎలా ఉన్నావని అడిగి ఎన్నాళ్లయిందిరా" అంది. నేను రోజూ పక్కనే ఉంటాను, నాకు అడగాలనిపించలేదు, మగబుద్ధి.

డబ్బు సంగతి. కన్సల్టేషన్ 400. పళ్లకి రాసే ఫ్లోరైడ్ వార్నిష్‌కి, నల్ల మందుకి వేరే. మొత్తం మీద మాకు భరించగలిగేంతే అయింది. కీమో ఖర్చుకి ప్రభుత్వ పథకం సాయముంది కానీ ఈ పళ్ల ఖర్చు మా జేబులోంచే. కార్డు మెషిన్ ఉంది గానీ పనిచేయదు, ఫోన్‌పే చేస్తే తీసుకుంటారు, చిల్లర అడగరు. పార్కింగ్ మర్చిపోండి, ఆటోలో వెళ్లండి. రిపోర్టు ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరు, కాగితం మీద ప్రింట్ కావాలంటారు, కింద జిరాక్స్ షాపు పదింటికి తెరవదు, ముందు రోజే తీయించుకోండి.

ఇంకా డాక్టరమ్మతో పని అయిపోలేదు. ఐదారేళ్ల లోపు కీమో తీసుకున్న పిల్లల్లో తర్వాత వచ్చే పళ్లు కొన్ని చిన్నగా రావడం, వేర్లు పొట్టిగా ఉండటం, ఒకటీ అరా అసలు రాకపోవడం జరుగుతుందట, కాబట్టి వైద్యం అయిపోయాక కూడా ఏటా చూపించుకోవాలి. ఈ సంగతి చిట్టి ముందే చెప్పారు, దాచలేదు. "రాకపోతే ఏం చేస్తారు" అని అడిగింది. "అప్పుడు పెట్టడానికి మార్గాలున్నాయి, నువ్వు పెద్దయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు. సరే అంది. కౌంట్లు పెరగగానే గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ తినొచ్చా అన్నది దాని తర్వాతి ప్రశ్న, దానికి ఆవిడ మా క్యాన్సర్ డాక్టర్‌ని అడగమన్నారు, ఆయన ఇంకా సరే అనలేదు.